పెంచే పేరు, తగ్గించే పని: ప్రీయాంప్లిఫయర్ ఎంపిక

ఇంటి ఆడియో వ్యవస్థలో సీడీ ప్లేయర్, టర్న్‌టేబుల్, స్ట్రీమర్ లాంటివి ఒక పక్క, స్పీకర్లను ఆడించే పవర్ యాంప్లిఫయర్ మరో పక్క ఉంటాయి. ఈ రెంటి నడుమ కూర్చునే పెట్టె ప్రీయాంప్లిఫయర్. వాడేవాళ్లు పొట్టిగా ప్రీయాంప్ అంటారు. సీడీ ప్లేయర్, టర్న్‌టేబుల్, స్ట్రీమర్‌లలో దేన్ని వినాలో, ఎంత గట్టిగా వినాలో అక్కడే తేలుతుంది. వచ్చిన సంకేతం తీగలో నీరసపడకుండా పవర్ యాంప్‌కు చేర్చే బాధ్యతా దానిదే. పేరులోనే యాంప్లిఫయర్ ఉంది కాబట్టి అది సంకేతాన్ని పెంచుతుందని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూస్తే కథ వేరుగా ఉంటుంది.

8 ఓమ్‌ల స్పీకర్‌కు 100 వాట్లు ఇచ్చే పవర్ యాంప్ నుంచి బయటికొచ్చే వోల్టేజి సుమారు 28. అది తనలోకి వచ్చినదాన్ని 20 రెట్లు చేసే రకమైతే, పూర్తి బలానికి 1.4 వోల్టులు అందితే చాలు. సీడీ ప్లేయర్లు మామూలుగా ఇచ్చేదే 2 వోల్టులు. ఇక ఇంట్లో కూర్చుని హాయిగా వినడానికి సగటున ఒక్క వాటు సరిపోతుందనుకుంటే, పవర్ యాంప్‌కు కావలసింది 0.14 వోల్టు మాత్రమే. అంటే వచ్చిన 2 వోల్టులను పద్నాలుగో వంతుకు, డెసిబెల్స్‌లో చెబితే 23 మేర, దించాలి. నడుమ ఉన్న ప్రీయాంప్ తనవంతుగా 12 డెసిబెల్స్ పెంచేదైతే, వాల్యూమ్ నాబ్ 35 డెసిబెల్స్ దించాల్సి వస్తుంది. ఒక చేత్తో పెట్టి మరో చేత్తో లాక్కున్నట్టు. లక్షలు పోసి హై ఎండ్ ప్రీయాంప్ కొనే మనిషి నిజానికి డబ్బు చెల్లించేది సంకేతానికి దెబ్బ తగలకుండా జరిగే ఈ తగ్గింపుకే.

రికార్డుల నుంచి పుట్టిన పెట్టె

అసలు ఈ పెట్టె అవసరం గ్రామఫోన్ రికార్డులతో వచ్చింది. సూది గాడిలో కదిలినప్పుడు కార్ట్రిడ్జ్‌లో పుట్టేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని వందల రెట్లు పెంచక తప్పదు. పైగా రికార్డు కోసేటప్పుడే బాస్‌ను తగ్గించి, ట్రెబుల్‌ను పెంచి కోస్తారు. బాస్‌ను ఉన్నదున్నట్టు కోస్తే ఒక గాడి పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది. ట్రెబుల్‌ను పెంచకపోతే అది రికార్డు గరగరలో కలిసిపోతుంది. వినేటప్పుడు ఈ తారుమారును తిరిగి సరిచేయాలి. చిక్కేమిటంటే 1950ల మొదట్లో ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్న దానిలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి.

న్యూయార్క్‌లో గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేసే సాల్ మరాంట్జ్ ఈ గందరగోళం భరించలేక తన ఇంట్లోనే ఒక పెట్టె తయారు చేసుకున్నాడు. బాస్ సవరణకు ఒక స్విచ్చి, ట్రెబుల్ సవరణకు ఒక స్విచ్చి. ఆడియో కన్సోలెట్ అని పేరుపెట్టిన ఆ ప్రీయాంప్‌ను చూసినవాళ్లు తమకూ కావాలనడంతో అది కంపెనీగా మారింది. ఇంగ్లండ్‌లోని హంటింగ్‌డన్‌లో పీటర్ వాకర్ నడిపిన క్వాడ్ సంస్థ 1953 ప్రాంతంలో తెచ్చిన క్యూసీ 2 కంట్రోల్ యూనిట్‌లోనూ రికార్డుకు తగ్గట్టు నొక్కడానికి బటన్లు ఉండేవి. 1954లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఆర్‌ఐఏఏ పేరిట ఒకే కొలత ఖరారైంది. వినేటప్పుడు 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్స్ పెంపు, 20,000 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ కోత. రికార్డుల సంకేతం కోసం చేసే నేటి ఫోనో ప్రీయాంప్‌లు దాదాపు అన్నీ ఈ ఒక్క కొలతతోనే పనిచేస్తాయి.

ఘంటసాల తొలినాళ్ల పాటలున్న 78 ఆర్‌పీఎం రికార్డులు దాచుకున్న తెలుగు ఇళ్లకు ఈ చరిత్ర ఇప్పటికీ అక్కరకొచ్చే సంగతి. పాత బ్రిటిష్ పద్ధతిలో కోసిన 78ల్లో ట్రెబుల్‌ను పెంచే అలవాటు లేదు. వాటిని ఆర్‌ఐఏఏ ఒక్కటే తెలిసిన ప్రీయాంప్‌తో వింటే, పెంచని ట్రెబుల్‌కు కూడా కోత పడుతుంది. 5,000 హెర్ట్జ్ దగ్గరే అది 8 డెసిబెల్స్. గొంతు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంటుంది. తప్పు రికార్డుదని పెట్టెలో పెట్టేసినవాళ్లు ఎందరో. అలాంటివారు ఈ సవరణ కొలతను (కర్వ్‌ను) మార్చుకునే వీలున్న ఫోనో ప్రీయాంప్ చూసుకోవాలి. సూది సంగతి అదనం: 78ల గాడి వెడల్పు, ఎల్పీ సూది అందులో అడుగుకు జారిపోతుంది.

స్టీరియో వచ్చాక, 1958లో, సిడ్నీ స్మిత్ తోడుగా మరాంట్జ్ తెచ్చిన మోడల్ 7 ఈ రంగానికి మూలవిరాట్టు లాంటిది. అందులో ఆరు 12ఏఎక్స్7 వాల్వులు, ముందు బంగారు ఛాయ ఉన్న అల్యూమినియం ఫలకం, రెండు పక్కలా సమంగా సర్దిన నాబ్‌లు. ఆ ముఖం పోలిక నేటి జపాన్ ప్రీయాంప్‌లలోనూ కనిపిస్తుంది. ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వుల పని అయిపోయిందని అందరూ అనుకుంటున్న 1970లో మినియాపొలిస్‌లో విలియం జాన్సన్ వాల్వులనే నమ్ముకుని ఆడియో రీసెర్చ్ స్థాపించాడు. అమెరికా ఫెడరల్ రిజర్వ్‌లో పనిచేసే ఇద్దరు ఆర్థికవేత్తలు, బిల్ కాన్రాడ్, లూ జాన్సన్, 1977లో పీవీ-1 అనే వాల్వు ప్రీయాంప్‌తో కాన్రాడ్-జాన్సన్ కంపెనీ మొదలుపెట్టారు. వడ్డీ రేట్ల లెక్కల మనుషులకు వాల్వుల మీద మనసు పోవడం విచిత్రమే.

అవతలి పక్షంలో జాజ్ బేస్ వాయించే మార్క్ లెవిన్సన్ 1973లో, రిచర్డ్ బర్వెన్ రూపొందించిన మాడ్యూళ్లతో, ఎల్‌ఎన్‌పీ-2 అనే ట్రాన్సిస్టర్ ప్రీయాంప్ తెచ్చాడు. స్టూడియో పరికరంలా రెండు ముల్లు మీటర్లున్న ముఖం, ఇంటి సామానుకు అంతవరకూ ఎవరూ పెట్టని ధర. ప్రీయాంప్ అనేది విలాస వస్తువుగా మారడం అక్కడి నుంచే ఊపందుకుంది. 1982లో సీడీ వచ్చి 2 వోల్టుల సంకేతాన్ని చేతికి అందించడంతో, పెంచడం అనే తొలి అవసరమే సన్నగిల్లింది. ఫోనో భాగం చాలా ప్రీయాంప్‌ల నుంచి తప్పుకుంది. మిగిలిన దానికి లైన్ స్టేజ్ అని పేరొచ్చింది.

స్పీకర్ నుంచి మొదలయ్యే లెక్క

ప్రీయాంప్ ఎంచేవారు ముందుగా చూడాల్సింది ప్రీయాంప్‌ను కాదు, ఇంట్లో ఉన్న స్పీకర్లను, పవర్ యాంప్‌ను. వాల్యూమ్ నాబ్ తర్వాతి సర్క్యూట్‌లో పుట్టే సొద నాబ్ ఎంత తిప్పినా తగ్గదు. ఆ సొద 100 మైక్రోవోల్టులు అనుకుందాం. 20 రెట్ల పవర్ యాంప్ దాన్ని 2 మిల్లీవోల్టులు చేస్తుంది. స్పీకర్ సామర్థ్యం 86 డెసిబెల్స్ అయితే, మీటరు దూరంలో ఆ సొద 23 డెసిబెల్స్. ఫ్యాను తిరిగే గదిలో ఎవరికీ వినపడదు. అదే 104 డెసిబెల్స్ హార్న్ స్పీకర్ అయితే 41 డెసిబెల్స్. పాటకూ పాటకూ నడుమ ‘స్స్’ మంటూ కూర్చుంటుంది. ఒక ఇంట్లో నిశ్శబ్దంగా ఉందని మెచ్చుకున్న ప్రీయాంప్ మరో ఇంట్లో బుసకొట్టడంలో మాయేమీ లేదు. హార్న్ స్పీకర్లున్నవారికి తక్కువ గెయిన్ (పెంపు) కావాలి. 6 డెసిబెల్స్ చాలు, కొన్నిచోట్ల సున్నా చాలు.

వాల్యూమ్ నాబ్ వెనక

ప్రీయాంప్‌లో ఎక్కువ తేడా చూపించే భాగం వాల్యూమ్ కంట్రోలే. మంచిదని పేరున్న ఆల్ప్స్ నీలం డబ్బా పోటెన్షియోమీటర్ దశాబ్దాలుగా ఎన్నో కంపెనీల పెట్టెల్లో ఉంది. ఒకే ఇరుసు మీద రెండు కార్బన్ దారులు, ఎడమ చానల్‌కు ఒకటి, కుడి చానల్‌కు ఒకటి. నాబ్ నడిమికి వచ్చాక రెండూ చక్కగా కలిసి నడుస్తాయి. అడుగున, అంటే ఇంట్లో పిల్లలు పడుకున్నాక వినే స్థాయిలో, వాటికి పొత్తు తప్పుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. 1950లు, 60ల నాటి తెలుగు సినిమా పాట ఏదైనా చాలు. అవన్నీ మోనో కాబట్టి గొంతు రెండు స్పీకర్ల నట్టనడుమ, లేని మూడో స్పీకర్ నుంచి వచ్చినట్టు నిలబడాలి. అలా నిలబడ్డాక నాబ్‌ను నెమ్మదిగా కిందికి తిప్పుతూ పోవాలి. శబ్దం తగ్గాలి గానీ మనిషి కదలకూడదు. పాడే ఆయన ఎడమకో కుడికో ఒక అడుగు జరిగాడంటే రెండు దారుల నడుమ రెండు మూడు డెసిబెల్స్ తేడా ఉన్నట్టే. గెయిన్ ఎక్కువున్న ప్రీయాంప్‌లో ఈ జబ్బు మరింత బయటపడుతుంది, ఎందుకంటే నాబ్ ఎప్పుడూ ఏడు, ఎనిమిది గంటల దగ్గరే తచ్చాడుతుంటుంది.

ఈ తలనొప్పికి ఒక్కో కంపెనీ ఒక్కో మందు కనిపెట్టింది. మెట్లమెట్లుగా రెసిస్టర్లు మార్చే స్విచ్చి పాత పద్ధతి. కచ్చితమైనదే, కానీ రెండు మెట్ల నడుమ కావలసిన స్థాయి దొరక్కపోవచ్చు. రిలేలతో అదే పని చేయించడం నేటి పద్ధతి. అమెరికా కంపెనీ బెంచ్‌మార్క్ తన ఎల్‌ఏ4లో అర డెసిబెల్ చొప్పున 256 మెట్లు అమర్చింది. నాబ్ తిప్పుతుంటే లోపల టకటకమని చప్పుడు వస్తుంది. కొందరికి అది ముచ్చట, కొందరికి చిరాకు. జపాన్‌లోని అక్యుఫేజ్ 2002లో సీ-2800తో ఎవరూ తొక్కని దారి తొక్కింది. సంకేతాన్ని సగం, పావు, అరపావు ఇలా పదహారు తూకాల కరెంటులుగా విడగొట్టి, కావలసినవాటిని మాత్రమే కలుపుతారు. 65,536 స్థాయిలు వస్తాయి. ఇందులో ముందు పెంచి తర్వాత కోయడం ఉండదు కాబట్టి, తక్కువ వాల్యూమ్‌లో సొద కూడా వాల్యూమ్‌తో పాటే తగ్గుతుంది. రాత్రిపూట మెల్లగా వినేవారికి ఈ ఒక్క గుణం మిగతా హంగులన్నిటికన్నా విలువైనది.

అసలు ఈ పెట్టే వద్దనేవారూ ఉన్నారు. డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చే డాక్‌లోనే వాల్యూమ్ ఉంటే నేరుగా పవర్ యాంప్‌కు కలపవచ్చు. ప్రతి 6 డెసిబెల్స్ కోతకూ ఒక బిట్ పోతుందన్న మాట నిజమే గానీ, 16 బిట్ల పాటను 32 బిట్ల లెక్కలో నడిపే నేటి చిప్‌లలో అది పెద్ద నష్టం కాదు. హద్దు పెట్టేది డాక్ అనలాగ్ భాగపు సొద. అన్నిటికన్నా భయపడాల్సింది వేరే ఉంది: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక వాల్యూమ్ నూటికి నూరు దగ్గర తెరుచుకుంటే, 2 వోల్టులూ ఒక్కసారిగా పవర్ యాంప్‌లోకి పోయి, దాని పూర్తి బలం స్పీకర్ల మీద పడుతుంది. చేతికి అందే నాబ్ ఒకటి మధ్యలో ఉండటం ఇలాంటప్పుడు ప్రాణం కాపాడుతుంది, ముఖ్యంగా ట్వీటర్ల ప్రాణం.

పొత్తు కుదరడం

సర్క్యూట్ ఏదీ లేకుండా ఒక పోటెన్షియోమీటర్, కొన్ని సాకెట్లు పెట్టిన పెట్టెను పాసివ్ ప్రీయాంప్ అంటారు. చవక, సొద లేదు, కరెంటు అక్కర్లేదు. మరి అందరూ అదే ఎందుకు కొనరు? 100 కిలో ఓమ్‌ల పోటెన్షియోమీటర్‌ను సంకేతం సగమయ్యే చోట పెడితే, దాని ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే బయటికి పోయే సంకేతానికి ఎదురయ్యే అడ్డు, 25 కిలో ఓమ్‌లకు చేరుతుంది. దానికి మీటరుకు 100 పికోఫ్యారడ్‌ల కెపాసిటెన్స్ ఉన్న తీగ అయిదు మీటర్లు తగిలిస్తే, 12,700 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ ట్రెబుల్ పోతుంది. అదే 10 కిలో ఓమ్‌ల పోటెన్షియోమీటర్‌కు మీటరు తీగ తగిలిస్తే ఈ చిక్కు వినికిడి హద్దుకు చాలా పైకి పోతుంది. అంటే పాసివ్ చెడ్డదీ కాదు, స్వచ్ఛమైనదీ కాదు. పొట్టి తీగలున్న ఇంట్లో బంగారం, పొడుగు తీగలున్న ఇంట్లో ఇబ్బంది. రెసిస్టర్‌కు బదులు ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజి దించే రకం కూడా ఉంది. అందులో వోల్టేజి సగమైతే ఇంపెడెన్స్ నాలుగో వంతవుతుంది, కాబట్టి తీగల బెడద తక్కువ. మంచి ట్రాన్స్‌ఫార్మర్ ధర మాత్రం తక్కువ కాదు.

వాల్వు ప్రీయాంప్‌లకు పొత్తు సమస్య అవతలి కొసన, బాస్‌లో వస్తుంది. చాలావాటికి చివర ఒక కెపాసిటర్ ఉంటుంది. అది 0.47 మైక్రోఫ్యారడ్ అనుకుని, ఎదురుగా 100 కిలో ఓమ్‌ల పాతకాలపు వాల్వు పవర్ యాంప్ పెడితే బాస్ 3.4 హెర్ట్జ్ దాకా దిగుతుంది. ఎదురుగా 10 కిలో ఓమ్‌ల క్లాస్-డి పవర్ యాంప్ పెడితే 34 హెర్ట్జ్ దగ్గరే మూడు డెసిబెల్స్ పోతాయి. మృదంగం ఎడమ వైపు మోత పలచబడిందని వాల్వులు మార్చి, తీగలు మార్చి, చివరికి స్పీకర్లు మార్చేవారు ముందు ఈ భాగహారం వేసుకుంటే ఖర్చు తప్పుతుంది. పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ప్రీయాంప్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్‌కు కనీసం పది రెట్లుండాలన్నది రివాజు. వాల్వులకు ఇంకాస్త ఎక్కువుంటే మంచిది.

వాల్వా, ట్రాన్సిస్టరా అన్న తగువు యాభై ఏళ్లుగా తీరలేదు, ఇక్కడా తీరదు. కొన్ని విషయాలు మాత్రం చెప్పవచ్చు. కొలతల్లో మంచి ట్రాన్సిస్టర్ ప్రీయాంప్‌దే పైచేయి. వాల్వులు అరుగుతాయి, కొన్ని వేల గంటలకు మార్చాలి. కొన్ని వాల్వులు మైక్రోఫోన్‌లా ప్రవర్తిస్తాయి: వాల్యూమ్ కాస్త పెంచి గాజు మీద పెన్సిల్ రబ్బరు కొసతో తడితే స్పీకర్‌లో ‘ట్రింగ్’ మని గంట మోగుతుంది. చిన్న మోత అయితే ఫర్వాలేదు, మోగి మోగి ఆగే వాల్వును మార్చాల్సిందే. అయినా వాల్వుల ధ్వనిని ప్రేమించేవారు తగ్గలేదు.

టర్న్‌టేబుల్ ఉన్న ఇంట్లో మాత్రం పెంచడం నేటికీ నిజమైన పని. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ 3 నుంచి 5 మిల్లీవోల్టులు ఇస్తుంది, 47 కిలో ఓమ్‌ల లోడు కోరుతుంది. దానికి 40 డెసిబెల్స్ గెయిన్ సరిపోతుంది. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె స్టూడియోల కోసం డెనాన్ 1960ల్లో రూపొందించిన, నేటికీ అమ్ముడవుతున్న డీఎల్-103 మూవింగ్ కాయిల్ రకం. అది ఇచ్చేది 0.3 మిల్లీవోల్టు. లైన్ స్థాయికి తేవాలంటే వెయ్యి రెట్లు, అంటే 60 డెసిబెల్స్ కావాలి. ఇలాంటి చోట ఖర్చు చేయాల్సింది లైన్ స్టేజ్ మీద కన్నా ఫోనో స్టేజ్ మీద.

మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ సాకెట్లు హాలుకు ఆ కొసన పవర్ యాంప్ పెట్టుకున్నవారికి నిజంగా ఉపయోగం. అర మీటరు తీగకు అవి పెద్దగా తెచ్చిపెట్టేదేమీ లేదు.

టోన్ కంట్రోళ్ల ముచ్చట మరొకటి. పీటర్ బాక్సండాల్ 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రకటించిన బాస్, ట్రెబుల్ సర్క్యూట్ ప్రపంచమంతటా ఎన్నో రేడియోలకు పాకింది. తర్వాత హై ఎండ్ కంపెనీలు సంకేతం దారిలో ఏదీ అడ్డు ఉండకూడదంటూ వాటిని పీకేశాయి. ఎల్‌ఎన్‌పీ-2 తెచ్చిన లెవిన్సనే తన పేరున్న కంపెనీ వదిలి 1984లో చెల్లో స్థాపించి, అదే బర్వెన్ సాయంతో ఆరు నాబ్‌ల టోన్ కంట్రోల్ పెట్టెను అత్యంత ఖరీదైన వస్తువుగా అమ్మాడు. మెకింటాష్, లక్స్‌మన్, అక్యుఫేజ్ టోన్ కంట్రోళ్లను పూర్తిగా ఎన్నడూ వదల్లేదు. గీపెట్టే పాత రికార్డింగులు ఎక్కువగా వినే ఇంట్లో ట్రెబుల్ నాబ్ ఉండటం నామోషీ కాదు.

పక్కపక్కన వినడం

రెండు ప్రీయాంప్‌లను పోల్చేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు వాల్యూమ్ సరిచేయకపోవడం. అర డెసిబెల్ ఎక్కువ మోగేది గట్టిగా అనిపించదు, బాగున్నట్టు అనిపిస్తుంది. దుకాణంలో కొత్త పెట్టె నాబ్ ఒక మెట్టు పైన ఉంటే తీర్పు అక్కడే వచ్చేస్తుంది. దీనికి విరుగుడు మామూలు మల్టీమీటర్. చవక మీటర్లు పై ఫ్రీక్వెన్సీల్లో తప్పు చూపిస్తాయి కాబట్టి 200 హెర్ట్జ్ టోన్ ఒకటి పెట్టి, మీటరు కొనలను స్పీకర్ టెర్మినల్స్‌కు ఆనించాలి. మొదటి ప్రీయాంప్‌తో 2.83 వోల్టులు వస్తే, రెండోదాని నాబ్‌ను 2.80, 2.86 నడుమకు తేవాలి. అప్పుడు తేడా పదో వంతు డెసిబెల్. ఆ తర్వాత ఏది ఆడుతోందో చూడకుండా వింటే, రాత్రీ పగలూ తేడా ఉందని చెప్పిన రెండు పెట్టెలు కవలల్లా అనిపించడం కద్దు. అలా కాక తేడా ఇంకా నిలిచి ఉంటే అది డబ్బు పెట్టదగిన తేడా.

కరెంటు సంగతి

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చే ప్రీయాంప్‌లు 120 వోల్టులవి, జపాన్ లోపలి మార్కెట్ కోసం చేసినవి 100 వోల్టులవి. మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెడితే పొగే. ప్రీయాంప్ తినే కరెంటు తక్కువ కాబట్టి చిన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు, కానీ 100 వోల్టుల పెట్టెకు 110 ఇచ్చేదాన్ని పెట్టి సరిపెట్టకూడదు. వాల్వుల ఫిలమెంట్లు ఆ పది శాతాన్ని నెలల తరబడి మోస్తాయి. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఫోనో స్టేజ్ పక్కన పెడితే 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత అందులోకి దిగుతుంది. మీటరు ఎడం ఉంచాలి. హమ్ వస్తోందని ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేసేవారు ఉన్నారు. మోత పోవచ్చు, కానీ లోపల తీగ తెగి పెట్టెకు తగిలిన రోజు షాక్ నాబ్ తిప్పే చేతికే. ఎర్త్ లూప్ ఉంటే పరికరాలన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు తగిలించి చూడటం మొదటి పని. కొన్ని మోడళ్లలో లోపలి జంపర్లు మార్చి 230కి తిప్పుకోవచ్చు. అది కంపెనీ సర్వీసు మనిషితో చేయించి, ఫ్యూజునూ అదే రోజు మార్పించాలి. అదే వాట్లకు 230 వోల్టుల దగ్గర కరెంటు సగమే పారుతుంది, కాబట్టి 120 నాటి ఫ్యూజును అలాగే వదిలేస్తే కాలాల్సిన సమయానికి అది కాలదు.